మందు వేళ ఎవరి చేతిలో ఉంది? దీర్ఘకాలిక జబ్బులున్న పిల్లలు, మందుల ఉపకరణాలు: ఒక చరిత్ర

పరిచయం

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న రెజిమెంటల్ బజార్ పేరులోనే దాని పుట్టుక ఉంది. 1798లో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఆ ఒప్పందంతో వచ్చిన కంపెనీ పటాలాలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన దిగాయి. 1806లో ఆ దండుకు సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. పటాలం ఉన్నచోట దానికి బియ్యం, పప్పు, బట్ట అమ్మే బజారు ఉంటుంది. పాతవాళ్లు ఈ ప్రాంతాన్ని ఇప్పటికీ లష్కర్ అనే అంటారు. నేను పుట్టి పెరిగింది ఈ బజారులోనే.

సైన్య సహకార ఒప్పందం గురించి మీరు వేరే పాఠంలో చదువుకుంటారు. ఈ పాఠంలో చూడబోయేది చాలా చిన్నదిగా కనిపించే విషయం. ఏళ్ల తరబడి, కొన్నిసార్లు జీవితాంతం, రోజూ మందు వాడాల్సిన పిల్లవాడికి ఆ మందు సరైన వేళకు, సరైన మోతాదులో ఎలా అందుతోంది? అందుకు ఏయే ఉపకరణాలు వచ్చాయి? అవి వచ్చాక ఇంట్లో ఎవరి పని పెరిగింది, ఎవరి పని తగ్గింది?

ఇది వైద్యశాస్త్రం కదా, చరిత్రలో దీనికేం పని అని మీకు అనిపించవచ్చు. సాంకేతిక విజ్ఞాన చరిత్రను చాలాకాలం కనిపెట్టినవాళ్ల చరిత్రగానే రాశారు. ఫలానా సంవత్సరం, ఫలానా శాస్త్రవేత్త, ఫలానా యంత్రం అన్న ధోరణి అది. బ్రిటిష్ చరిత్రకారుడు డేవిడ్ ఎడ్జర్టన్ 2006లో ప్రచురించిన 'ది షాక్ ఆఫ్ ది ఓల్డ్' అనే గ్రంథంలో దీన్ని ప్రశ్నించాడు. వస్తువు ఎప్పుడు పుట్టిందన్న దానితో పాటు దాన్ని ఎవరు, ఎక్కడ, ఎంతకాలం వాడారో చూడాలని ఆయన వాదన. ఆ చూపుతో చూస్తే ప్రయోగశాల ఎంత చారిత్రక స్థలమో వంటిల్లు కూడా అంతే.

పెరేడ్ నుంచి పెట్టెకు

రెజిమెంట్ దగ్గరే మొదలుపెడదాం. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. ఆయన పేరుతో ఉన్న బేగంపేట భవనాన్ని మీలో కొందరు చూసే ఉంటారు. అందరికీ తెలిసిన ఆ కథ కన్నా మనకు ఇక్కడ పనికొచ్చేది బ్రిటిష్ సైన్యంలోని మరో పద్ధతి: క్వినైన్ పెరేడ్. క్వినైన్ పరమ చేదు. ఇచ్చి పంపిస్తే సిపాయి పారేస్తాడు. అందుకని అందరినీ వరుసలో నిలబెట్టి, అధికారి కళ్లెదుటే మింగించేవారు. వేళ గుర్తుపెట్టుకునే పని సిపాయిది కాదు, పటాలానిది.

క్షయ ఆసుపత్రులు ఇదే పని మరికొంత మెత్తగా చేశాయి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో ప్రారంభమైన శానటోరియం వంటి చోట్ల రోగి నెలల తరబడి అక్కడే ఉండేవాడు. గంట కొడితే అన్నం, గంట కొడితే విశ్రాంతి. మందుల కాలం వచ్చాక, గంట కొడితే మందు. 1956లో మద్రాసులో మొదలైన ఒక అధ్యయనం ఈ ఏర్పాటును కదిపింది. ఒక వర్గం రోగులను శానటోరియంలో, ఇంకో వర్గాన్ని వాళ్ల ఇళ్లలోనే ఉంచి ఒకే మందులు ఇచ్చి పోల్చారు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో వైద్యం కూడా దాదాపు అంతే బాగా పనిచేసింది. పేద దేశాలకు ఇది గొప్ప వార్త. అయితే ఇంట్లో మందు మింగుతున్నారా లేదా అన్నది తెలిసేదెలా? మిగిలిన మాత్రలు లెక్కపెట్టారు. ముందు చెప్పకుండా ఇంటికి వెళ్లి మూత్రం పరీక్షించారు. మందు ఇంటికి వెళ్లింది, దాని వెనకాలే నిఘా కూడా వెళ్లింది.

1997 నుంచి దేశంలో విస్తరించిన డాట్స్ పద్ధతిలో క్షయ రోగి పేరు రాసిన ఒక పెట్టె ఉండేది. ఆరు నెలల కోర్సుకు కావలసిన మందులన్నీ ఆ ఒక్క పెట్టెలోనే. మధ్యలో సరుకు అయిపోయిందన్న మాట రాకూడదని ఈ ఏర్పాటు. 2006 ప్రాంతంలో పిల్లలకు, వాళ్ల బరువును బట్టి, విడిగా పెట్టెలు తెచ్చారు. అట్టపెట్టెను ఎవరూ సాంకేతిక పరిజ్ఞానం అనరు. నా లెక్కలో మాత్రం ఇది గట్టి ఉపకరణమే, ఎందుకంటే రోగి గుర్తుంచుకోవలసిన దానిలో సగం ఆ పెట్టే గుర్తుంచుకుంటుంది.

క్షయ ఎన్నాళ్లున్నా ఒకనాటికి ముగిసే జబ్బు. ముగియని జబ్బుల సంగతి వేరు. దాని కోసం కొంచెం వెనక్కి, 1922కు వెళ్లాలి.

గాజు సిరంజీ, గోళ్ల రంగు

1922 జనవరి 11న టొరంటోలో 14 ఏళ్ల లెనార్డ్ థాంప్సన్‌కు మొదటి ఇన్సులిన్ సూది వేశారు. మందు శుద్ధంగా లేక ఫలితం దక్కలేదు. మెరుగుపరిచిన మందును 23న మళ్లీ ఇస్తే పనిచేసింది. అంతకు ముందు ఈ రకం షుగర్ వచ్చిన పిల్లలు నెలల్లోనో, ఒకటి రెండేళ్లలోనో చనిపోయేవారు. థాంప్సన్ మరో 13 ఏళ్లు బతికాడు. ఇన్సులిన్ జబ్బును నయం చేయలేదు, పిల్లవాణ్ని బతికించింది. బతికినన్నాళ్లూ రోజూ సూది తప్పదు. అంటే ఒక మరణం స్థానంలో ఒక దినచర్య వచ్చింది. దీర్ఘకాలిక జబ్బు అని ఈనాడు మనం అనేది చాలా వరకు ఇలా పుట్టిందే.

ఆ దినచర్యను ఎవరు నేర్పాలి? బోస్టన్ వైద్యుడు ఇలియట్ జాస్లిన్, ఇన్సులిన్ రాకముందే, 1918లో, వైద్యుడూ రోగీ ఇద్దరూ చదువుకోవడానికి ఒక చేతిపుస్తకం రాశాడు. ఒక రకంగా అది కూడా దూరవిద్యా పుస్తకమే.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెబుతాను. మౌఖిక చరిత్రను ఆధారంగా వాడేటప్పుడు అది ఎవరి జ్ఞాపకమో ముందే చెప్పాలన్న నియమం మీకు తెలుసు. ఇది నా జ్ఞాపకం, నాకు అప్పుడు పన్నెండేళ్లు. 1971-72 ప్రాంతంలో మా చిన్నాన్న కొడుక్కి, ఎనిమిదేళ్ల పిల్లవాడికి, షుగర్ అని తేలింది. మాది ఉమ్మడి కుటుంబం. ఇంట్లో ఫ్రిజ్ లేదు. చిన్నమ్మ ఒక కుండలో నీళ్లు పోసి, ఇన్సులిన్ సీసా ఉన్న చిన్న స్టీలు డబ్బాను అందులో తేలేట్టు పెట్టి, పైన తడిగుడ్డ కప్పేది. కుండ గోడల్లోంచి ఊరే నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. ఫ్రిజ్ లేని ఇళ్లకు మట్టికుండను ఇప్పటికీ వైద్యులు సూచిస్తారు. నిజానికి ఫ్రిజ్‌లో ఐస్ గడ్డకట్టే అరలో పెట్టి మందును పాడుచేసుకోవడం కన్నా కుండ ఎంతో నయం.

సిరంజీ గాజుది. రోజూ కిరసనాయిలు స్టవ్ మీద మరగబెట్టాలి. వేళ గుర్తుచేసేది రేడియో: పొద్దుటి తెలుగు వార్తలు మొదలవగానే సూది, అవి ముగిసేలోగా పలహారం. అలారం గడియారం ఇంట్లో లేకపోలేదు. కానీ దాన్ని చిన్నాన్న డ్యూటీకి పెట్టుకునేవాడు, ముట్టుకోనిచ్చేవాడు కాదు.

రక్తంలో చక్కెర చూసే యంత్రం అప్పటికి సామాన్యుడి ఇంటికి రాలేదు. రక్తపు బొట్టుతో చూసే డెక్స్‌ట్రోస్టిక్స్ పట్టీ 1960ల మధ్యలో, దాని రంగును కొలిచే మీటరు 1970 ప్రాంతంలో అమెరికాలో వచ్చాయి. మొదటి మీటరు బరువు కిలో పైమాటే, అదీ వైద్యుల గదిలో వాడేది. మాకున్నది బెనెడిక్ట్ ద్రావణం. పరీక్షనాళికలో 5 మి.లీ. నీలం ద్రావణం, 8 చుక్కల మూత్రం, వేడి. రంగు నీలంగానే ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక ఎరుపు వస్తే చక్కెర ఎక్కువ. సూది వేసుకోలేని మా తమ్ముడు రంగు మాత్రం తానే చూసి చెప్పేవాడు. "ఇవాళ పచ్చ, అమ్మా" అనేవాడు. వైద్యంలో ఆ పిల్లవాడికి దక్కిన మొదటి వాటా అది. ఎనిమిదేళ్లవాడి చేతికి సరిపోయే పని అదొక్కటే.

చిన్నమ్మకు అంకెలు చదవడం సరిగా రాదు. అప్పట్లో ఇన్సులిన్ రెండు బలాల్లో వచ్చేది. మి.లీ.కు 40 యూనిట్లు ఉన్నది ఒకటి, 80 ఉన్నది ఇంకొకటి. గాజు సిరంజీకి ఒకవైపు 40 లెక్క, మరోవైపు 80 లెక్క ఉండేవి. వైద్యుడు చెప్పిన మోతాదు దగ్గర చిన్నాన్న గోళ్ల రంగుతో సన్నని గీత పెట్టాడు. చిన్నమ్మ ఆ గీత దాకా లాగేది. ఏడాది పైగా ఒక్క తప్పు జరగలేదు. ఒకసారి ఒక దుకాణంలో 40 సీసా దొరక్క 80 ఇచ్చారు. తేడా ఎవరూ చెప్పలేదు. గీత అక్కడే ఉంది, చిన్నమ్మ అక్కడికే లాగింది, మందు మాత్రం రెట్టింపు వెళ్లింది. గంట తిరిగేసరికి పిల్లవాడు చెమటలు పట్టి వణుకుతూ మాట తడబడుతున్నాడు. మా నాయనమ్మ పంచదార నీళ్లు నోట్లో పోసింది. బతికాడు. తర్వాత చాలాకాలం చిన్నమ్మ ఆ సిరంజీని ముట్టుకోలేదు. తప్పు తనదేనని ఆమె నమ్మింది, ఇంట్లో అందరూ అలాగే నమ్మారు. ఆ సీసా, ఆ సిరంజీ, ఆ గీత మూడూ ఒకదానితో ఒకటి పొసగలేదని నాకు అర్థమవడానికి ఎన్నో ఏళ్లు పట్టింది.

ఈ సమస్య పాతబడిపోయిందని అనుకోవద్దు. మన దేశంలో ఇప్పటికీ సీసాల్లో యు-40 ఇన్సులిన్, పెన్నుల్లో యు-100 ఇన్సులిన్ అమ్ముతున్నారు. ఎర్ర మూత సిరంజీ యు-40కి, నారింజ మూత సిరంజీ యు-100కి. యు-100 మందును ఎర్ర మూత సిరంజీతో 20 గీత దాకా లాగితే వెళ్లేది 20 యూనిట్లు కాదు, 50. రెండున్నర రెట్లు. 1985లో వచ్చిన ఇన్సులిన్ పెన్ను ఈ లెక్కను చాలా వరకు తప్పించింది. అంకె తిప్పి నొక్కితే చాలు, పిల్లలే వేసుకోగలరు. ఖరీదు మాత్రం సీసా, సిరంజీల కన్నా ఎక్కువ. అందుకే ఒకే వీధిలో పెన్నూ సిరంజీ పక్కపక్కనే బతుకుతున్నాయి. ఎడ్జర్టన్ చెప్పింది ఇదే: కొత్తది వచ్చిందంటే పాతది పోయిందని అర్థం కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పై ఉదంతంలో గోళ్ల రంగు గీత ఏ పరిస్థితిలో మంచి ఉపకరణం, ఏ పరిస్థితిలో ప్రమాదకరం? మీ మాటల్లో పది వాక్యాలకు మించకుండా రాయండి.

భీమవరం నుంచి బోస్టన్‌కు

ఈ చరిత్రలో ఒక తెలుగువాడి పాత్ర పెద్దది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధన నుంచి అమినోప్టెరిన్ వచ్చింది. సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో దాన్ని రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, కొందరిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించాడు. అదే ఏడాది సుబ్బారావు చనిపోయాడు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ను ఆ పిల్లలు ఇప్పటికీ ఇంట్లో నెలల తరబడి వాడతారు. దానితో పాటు ఇచ్చే ఇంకో మాత్ర రోజూ వేసుకోవాలి, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. వారానికోసారి వేయాల్సింది రోజూ వేస్తే ప్రాణాంతకం. ఆసుపత్రి గోడల మధ్య జరిగిన ఆవిష్కరణ ఇలా చివరికి ఇంటి క్యాలెండర్ మీద ఒక వారం పేరు చుట్టూ గీసిన సున్నాగా మారింది.

రాత్రంతా నడిచే పంపు

తలసేమియా పిల్లల కథలో యంత్రం ఇంకా దగ్గరికి, ఏకంగా పక్కలోకి వచ్చింది. తల్లిదండ్రులిద్దరిలో దాగి ఉన్న జన్యులోపం వల్ల వచ్చే ఈ జబ్బులో రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంతో వచ్చే ఇనుము బయటికి పోయే దారి లేక గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని తీసే డెస్ఫెరియాక్సమిన్ అనే మందు 1960లలో వచ్చింది. నోటితో తీసుకుంటే ఒంటికి పట్టదు. చర్మం కింద చాలా నెమ్మదిగా ఎక్కించాలి. అందుకని 1970ల చివరి నుంచి బ్యాటరీతో నడిచే చిన్న పంపు వాడారు. రాత్రి పొట్ట మీదో తొడ మీదో సన్నని సూది గుచ్చి, పంపును నడుముకు కట్టుకుని, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. వారంలో ఐదారు రాత్రులు. ఏళ్ల తరబడి.

ఒక్కసారి ఊహించండి. పక్కకు తిరిగితే సూది లాగుతుంది. గుచ్చినచోట వాపు, దురద. అమ్మమ్మ ఊరికి వెళ్లాలన్నా పంపు వెంట ఉండాలి. చిన్నపిల్లలకు తల్లి పెడుతుంది. పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చేసరికి చాలామంది పెట్టుకోమని మొండికేస్తారు. మానేసిన మర్నాడు ఒంట్లో ఏ తేడా తెలియదు, ఇనుము మౌనంగా పేరుకుంటుంది. మందు మానితే ఇవాళే నొప్పి తెలిసే జబ్బుకూ, పదేళ్ల తర్వాత గుండె దెబ్బతినే జబ్బుకూ ఒకే రకం క్రమశిక్షణ ఆశించడం అన్యాయం.

మార్పు వచ్చింది పంపు మెరుగుపడటం వల్ల కాదు, మందు మారడం వల్ల. నోటితో మింగే డిఫెరిప్రోన్‌కు ప్రపంచంలో మొదట అనుమతి ఇచ్చింది మన దేశమే, 1990ల మధ్యలో. తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోయే అవకాశం ఉండటంతో దానికి తరచూ రక్తపరీక్ష తప్పనిసరి. రోజుకు మూడుసార్లు వేసుకోవాలి. 2005లో అమెరికాలో అనుమతి పొందిన డిఫెరాసిరాక్స్ రోజుకు ఒక్కసారి. మొదట వచ్చిన రకం మాత్రను నీళ్లలోనో పండ్లరసంలోనో కరిగించి తాగాలి. పిల్లవాడికి మందు వేసుకోవడంలో అన్నింటికన్నా ఎక్కువ సాయపడే ఉపకరణం ఏదని నన్నడిగితే, ఉపకరణమే అక్కర్లేకుండా చేసిన మాత్ర అంటాను. ఇది నా అభిప్రాయం, వైద్యులు కొందరు ఒప్పుకోకపోవచ్చు.

ఆ మూడు పూటల మాత్రలో మధ్యాహ్నం మాత్ర ఉంది చూశారా, అది బడి వేళ. పంపు తల్లి చేతిలో ఉండేది, రాత్రి. మాత్ర పిల్లవాడి జేబులోకి వెళ్లింది, పగలు, తోటి పిల్లల కళ్ల ముందుకు. హైదరాబాద్‌లో తలసేమియా, సికిల్ సెల్ పిల్లల కోసం 1998లో ఏర్పడిన సొసైటీ వంటి సంస్థలు రక్తం ఏర్పాటు చేయడంతో ఆగక, తల్లిదండ్రులు ఒకరినొకరు కలుసుకుని ఇలాంటివి మాట్లాడుకునే చోటుగానూ మారాయి.

గొట్టం, సీసా, చేపపిల్ల

ఉబ్బసం గురించి క్లుప్తంగా చెబుతాను. 1950ల మధ్యలో అమెరికాలో రైకర్ సంస్థ అధిపతి జార్జ్ మేసన్ కూతురు, పదమూడేళ్ల ఆస్తమా రోగి, జుట్టుకు కొట్టుకునే స్ప్రేలాగా నా మందు ఎందుకు రాదని అడిగింది. 1956లో ఇన్‌హేలర్ బజారులోకి వచ్చింది. ఒక పిల్ల ప్రశ్నతో పుట్టిన ఈ పరికరం చిన్నపిల్లలకే కుదరలేదు. నొక్కడం, పీల్చడం ఒకే క్షణంలో జరగాలి కదా. అందుకు మధ్యలో గాలిగది, అంటే స్పేసర్, పెట్టారు. అది కొనలేనివారి కోసం అర లీటరు ప్లాస్టిక్ సీసాకు రంధ్రం చేసి వాడినా బాగానే పనిచేస్తుందని దక్షిణాఫ్రికా వైద్యులు 1999లో చూపించారు.

మన నగరంలో ఉబ్బసం అనగానే మృగశిర కార్తె, నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం, బత్తిని కుటుంబం ఇచ్చే చేపప్రసాదం గుర్తుకొస్తాయి. దాని శాస్త్రీయతను జనవిజ్ఞాన వేదిక వంటి సంస్థలు సవాలు చేశాయి, అది పనిచేస్తుందనడానికి శాస్త్రపరమైన రుజువు లేదు. ఇన్‌హేలర్ మాని దాని మీద ఆధారపడటం ప్రమాదం. కానీ చరిత్ర విద్యార్థిగా మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: పిల్లవాణ్ని ఎత్తుకుని ఎండలో గంటలు నిలబడిన తల్లి ఏం కోరుకుంటోంది? ఏడాదికి ఒకరోజు కష్టపడితే మిగతా రోజుల మందు వేళల నుంచి విముక్తి దొరుకుతుందని ఆశ. దాన్ని అజ్ఞానం అని కొట్టిపారేస్తే రోజువారీ మందు బరువు మీకు కనిపించదు.

పథ్యం, ఫోను, చట్టం

మందు సరిగా వాడని రోగిని వర్ణించడానికి 1970లలో వైద్యులు 'కంప్లయన్స్' అనే మాట ఎక్కువగా వాడారు. చెప్పినట్టు వినడం అని అర్థం. తర్వాత 'అడ్హరెన్స్' వచ్చింది, అంటే పట్టి ఉండటం. సంపన్న దేశాల్లో కూడా దీర్ఘకాలిక రోగుల్లో సగటున సగం మందే మందులు సరిగా వాడుతున్నారని 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. సగం మంది తప్పుతున్నప్పుడు తప్పు మనుషులదా, ఏర్పాటుదా? మనకు ఈ రెండు మాటలకన్నా పాతదైన 'పథ్యం' ఉంది. ఇంట్లో ఒకరికి పథ్యమంటే వంట మారుతుంది, పండుగ పిండివంట మారుతుంది. అది ఒక్కరి బాధ్యతగా ఎప్పుడూ లేదు. అయితే ఆ భారం ఎవరి మీద పడిందో, మా చిన్నమ్మ సంగతి విన్నాక మీకు చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఆ పని ఫోనుకు అప్పగిస్తున్నారు. 2010ల మధ్యలో క్షయ రోగులకు వచ్చిన '99డాట్స్' పద్ధతిలో మాత్ర నొక్కితే దాని వెనక దాగిన ఫోన్ నంబరు బయటపడుతుంది. ఆ నంబరుకు ఉచితంగా కాల్ చేస్తే మందు వేసుకున్నట్టు నమోదవుతుంది. మద్రాసు నర్సు ఇంటి తలుపు తట్టి చేసిన పనిని ఇది తట్టకుండా చేస్తుంది. తెలివైన ఏర్పాటే. కానీ అది చూసేది కాల్‌ను, మింగడాన్ని కాదు. పైగా ఫోను ఎవరిది? తండ్రి జేబులో అది డ్యూటీకి వెళ్లిపోతే పిల్లవాడి మందు వేళ కూడా దానితోనే వెళ్లిపోతుంది. మా ఇంటి అలారం గడియారం మాదిరే.

చట్టం సంగతి చూడండి. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉన్నాయి. 2016 చట్టం వాటిని 21 చేసి తలసేమియా, హిమోఫీలియా, సికిల్ సెల్ జబ్బులను చేర్చింది. బయటికి కనిపించని, రోజూ మందుతో నడిచే జబ్బు కూడా సహాయం పొందే హక్కునిస్తుందని అలా ఒప్పుకున్నట్టయింది. టైప్ 1 మధుమేహం, ఆస్తమా ఆ జాబితాలో లేవు. షుగర్ ఉన్న విద్యార్థులు పదో తరగతి, పన్నెండో తరగతి పరీక్ష హాల్లోకి తినుబండారాలు తీసుకెళ్లడానికి కేంద్ర మాధ్యమిక విద్యామండలి 2017లో అనుమతిచ్చింది. ఇన్సులిన్ పుట్టి 95 ఏళ్లు గడిచాక.

మా తమ్ముడు ఏడో తరగతిలో సూది తానే వేసుకోవడం మొదలుపెట్టాడు. ఎవరూ నేర్పలేదు, రోజూ చూసినవాడే కదా. మొదటి రోజు చిన్నమ్మ తలుపు బయట నిలబడింది. లోపలి నుంచి పిలిచి సీసా మీద అంకె చదివి వినిపించమన్నాడు. ఆమెకు రాదని తెలుసు. నేర్పించడానికే పిలిచాడు. నెల తిరిగేసరికి ఆమె 40కీ 80కీ తేడా చెప్పగలిగింది.

అభ్యాసం: మీ ఇంట్లోగానీ, మీ వీధిలోగానీ చిన్నప్పటి నుంచి రోజూ మందు వాడుతున్న ఒక వ్యక్తితో, వారి అనుమతి తీసుకుని, మాట్లాడండి. చిన్నతనంలో మందు వేళ ఎవరు గుర్తుచేసేవారు, ఏ వస్తువు సాయపడింది, అది ఎప్పుడు మోసం చేసింది, మందు మొదటిసారి తమ చేతికి ఎప్పుడు వచ్చింది అన్నవి అడిగి రెండు పుటల్లో రాయండి. పేరు, చిరునామా రాయవద్దు. వీలైతే ఆ ఇంట్లో మందు పెట్టే చోటును చేత్తో బొమ్మ గీసి జతచేయండి.